పన్నెండు గంటల సూది

ఎలుకను పట్టుకోవడంలో ప్రేమమ్మ చేతికి ఒక పద్ధతి ఉంది. తోక పట్టి లాగదు. అరచేతిని బోను అడుగున పరిచి ఆగుతుంది. ఎలుక దగ్గరికి వచ్చి, వాసన చూసి, మీసాలు ఆడించి, అరచేతి మీద బరువు మోపిన తర్వాతే బొటనవేలిని మెల్లిగా దాని మెడ వెనక్కి తెస్తుంది. ఆపరేషన్ అయిన ఎలుకకైతే అంతసేపు అక్కరలేదు. అది ఒక పక్కకు ఒరిగి పడి ఉంటుంది. ఎత్తితే తడిసిన గుడ్డపేలికలా చేతిలోకి వచ్చేస్తుంది.

సోమవారం పన్నెండు గంటలకు కాలేజీ ల్యాబు ఎలుకల గదిలో ఎ వరుసలోని ఎలుకకు పొట్టలో సూది వేసింది. బి వరుసలోని ఎలుకకు రెండో సీసాలోది వేసింది. సిరంజీలు ఎర్ర డబ్బాలో పడేసి, బోన్లకు వేలాడుతున్న కార్డుల మీద సంతకం చేసింది. తర్వాత మూలనున్న బకెట్టులో నానుతున్న గోనెపట్టాను తీసి, నీళ్లు కారిపోకుండా సగం పిండి, పడమటి గోడ పక్కనున్న ఎ వరుస బోన్ల మీద పరిచింది.

మే నెల. ఏసీ పదకొండు దాకా తిరిగి, ఓల్టేజీ పడిపోగానే గురకపెట్టి ఆగిపోతుంది. గది మీద రేకులు. పొద్దు వాలేకొద్దీ ఆ పడమటి గోడ పెనంలా కాలుతుంది. ఇనుప స్టాండు మీద చెయ్యి పెడితే చర్రుమంటుంది. బి వరుస లోపలి గోడ పక్కన ఉంది, అది చెయ్యి కాల్చదు. కాలే దానికే కదా తడిగుడ్డ. ఇద్దరు బిడ్డల్లో ఒకడికి జ్వరమొస్తే వాడి నుదుటి మీదే కదా గుడ్డ వేస్తారు.

నాలుగు గంటల సూది అయ్యాక పట్టా తీసి వెనక కంచె మీద ఆరేస్తుంది. ఎవరూ చూడరు, చూడనివ్వదు. మునుపొకసారి ల్యాబు పెద్ద ప్రొఫెసరు నారాయణ సారు బోన్ల మీద గోనె చూసి, "ఇదేమన్నా కూరగాయల అంగడనుకున్నావా?" అన్నాడు. గోడ మీది థర్మామీటరు చూసి రిజిస్టరులో రాయడమూ ఆమె పనే. చేరిన వారంలోనే ఆఫీసు గుమాస్తా నేర్పాడు. "ఇరవై నాలుగని రాయమ్మా. ఇరవై నాలుగుండాలని రూలు." మూడేళ్లుగా ఆమె రోజుకు మూడుసార్లు ఇరవై నాలుగు రాస్తోంది.

"ప్రేమమ్మా, కార్డులన్నీ తీసుకొని ఈడికి రా!" ముందు గదిలోంచి సుప్రియ పిలిచింది.

సుప్రియ తొండూరు పిల్ల. ఈ కాలేజీలో పిహెచ్‌డీ చేస్తోంది. మెదడుకు నెత్తురు ఆగి పక్షవాతం వచ్చినప్పుడు కణాలు చావకుండా కాపాడే మందు ఆమె పని. ఎండాకాలం షర్బత్తు చేసుకునే సుగంధి వేరులోంచి నారాయణ సారు దాన్ని తీశాడు. రోజూ తొమ్మిదింటికి సుప్రియ రెండు ఎలుకలకు మత్తిచ్చి, మెడ దగ్గర కోసి, సన్నని నైలాన్ దారాన్ని నెత్తుటి నాళంలోంచి మెదడు దాకా ఎక్కించి గంటసేపు ఉంచుతుంది. దారం తీసేశాక ఒకదానికి ఎ మందు, ఒకదానికి బి మందు. పన్నెండుకు, నాలుగింటికి వేసే సూదులు డ్యూటీలో ఉన్న అటెండరువి. మరునాడు పొద్దున ఎలుక ఎలా నడుస్తుందో చూసి మార్కులు వేస్తుంది. బాగా నడిస్తే సున్నా, పడిపోతే మూడు. పది రోజుల కిందట సీసాల రహస్యం విప్పారు. ఎ అంటే మందు, బి అంటే ఉత్త సెలైను. ఎ ఎలుకలు దాదాపు అన్నీ నడిచాయి. ఆ రోజు సారు కాలేజీ అంతటికీ మైసూర్‌పాక్ పంచాడు.

నడవనివి ఆరే. ఆదివారం నాటివి.

"ఆదివారాలవి విడిగా తియ్యి" అంది సుప్రియ. "శుక్రవారం ఎంక్వయిరీకి లిస్టు కావాలంట. మార్చి పదహారు, ఎ, మూడు మార్కులు. ఇరవై మూడు, మళ్లీ మూడే. ముప్పై, సచ్చిపోయింది." పెన్ను ఆపి నవ్వింది. "వారంలో ఆరు దినాలు పనిచేసే మందు ఆదివారం సెలవు తీసుకుంటుందా? దానికేమన్నా చర్చి ఉండాదా నీ మాదిరి?"

ప్రేమమ్మ కూడా నవ్వింది. ఆదివారం ఆమె జమ్మలమడుగులో చర్చికి పోతుంది. అందుకని ఆదివారం డ్యూటీ కమాల్ బాషాది. బదులుగా శుక్రవారం అతను నమాజుకు పోయేటప్పుడు అతని కుందేళ్ల గది పని ఆమె చూస్తుంది. ఈ ఒప్పందం ఏ కాగితం మీదా లేదు, వాళ్లిద్దరి మధ్య మాట. ఇప్పుడు కమాల్ బాషాను పది రోజులుగా ఇంటి దగ్గర ఉండమన్నారు. ఆదివారాలు సూదులు వేయకుండానే సంతకాలు పెట్టాడని అతని మీద నేరం.

"ఈ కార్డులేంది ఇట్లయినాయి? అప్పడాల మాదిరి" అంది సుప్రియ విసుగ్గా.

ప్రేమమ్మ కార్డులవైపు చూసింది. ఎ వరుస కార్డులన్నీ తడికి ఉబ్బి, ఆరి, అంచులు వంకరలు తిరిగి ఉన్నాయి. విడిగా తీసిపెట్టిన ఆదివారం కార్డులు మాత్రం కొత్త నోట్లలా సాపుగా ఉన్నాయి. బి వరుస కార్డులు ఎంత సాపుగా ఉన్నాయో అంత సాపుగా.

ఆమె నవ్వు ముఖం మీదే ఉండిపోయింది.

"సెమ్మకు ఉబ్బింటాయి లేమ్మా" అంది.

ఆ మాట తన నోటినుంచి అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆమెకు ఆ సాయంత్రమంతా అర్థం కాలేదు.

మంగళవారం ఆమె పట్టాను చేతిలో పట్టుకుని రెండు వరుసల మధ్య నిలబడింది. నీళ్లు ఆమె పాదాల మీద కారుతున్నాయి. రాత్రంతా ఒకే మాటను అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంది. గోనెపట్టా ఏంది, మందేంది. నారాయణ సారు ఢిల్లీ దాకా పోయి వచ్చిన మనిషి. ఆయన మందును ఒక గోనెపట్టా మించుతుందా? తనకెందుకు ఈ పిచ్చి ఆలోచన? ఇది నిజం కాకూడదని ఆమె కోరుకుంది. ఎందుకు కోరుకుంటోందో కూడా ఆమెకు తెలుసు. నిజమైతే కమాల్ బాషా ఇంట్లో కూర్చుని ఉన్నది తన చేతుల వల్ల.

పట్టాను బి వరుస మీద పరిచింది. ఎ వరుసను అలాగే వదిలేసింది.

మూడింటికి ఎ వరుసలో చెయ్యి పెట్టి చూసింది. ఎలుక నోరు తెరిచి రొప్పుతోంది. దాని పొట్ట కింద వేలు పెడితే వేడివేడి సంగటి ముద్దలా ఉంది. పట్టా తీసుకొచ్చి కప్పేయాలని చెయ్యి లేచింది. ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని వెనక్కి తెచ్చుకుంది. ఎవరో చూస్తున్నట్టు చుట్టూ చూసింది. ఎవరూ లేరు. ఉన్నవి ఎలుకలే.

నాలుగింటికి రెండో సూది వేసింది. రిజిస్టరులో ఇరవై నాలుగు రాసింది.

బుధవారం పొద్దున సుప్రియ ఎలుకలను ఒక్కొక్కటిగా తోక పట్టి బల్ల మీద ఎత్తింది. అలా ఎత్తినప్పుడు బాగున్న ఎలుక రెండు ముందుకాళ్లూ నేలకోసం చాపుతుంది. దెబ్బ తిన్నది ఒక కాలును ఛాతీకి ముడుచుకుంటుంది. బి ఎలుక రెండు కాళ్లూ చాపింది. బల్ల మీద వదిలితే అంచు దాకా నడిచి, కిందికి తొంగిచూసి, వెనక్కి తిరిగింది. ఎ ఎలుక ఎడమ కాలు ముడుచుకుంది. వదిలితే గానుగెద్దులా ఒకే పక్కకు తిరిగి తిరిగి కూలబడింది.

సుప్రియ రెండోసారి ఎత్తింది. మూడోసారి ఎత్తింది. కార్డులు తిరగేసి చూసింది.

"నిన్న సూదులు ఎవురేసినారు?"

"నేనే."

"రెండూ ఏసినావా?"

"రెండూ ఏసినా సుప్రియమ్మా."

"పన్నెండుకు?"

"పన్నెండుకు, నాలుగింటికి. సంతకం ఉండాది సూడు."

"సంతకం కమాల్ బాషా కూడా పెట్టినాడు." సుప్రియ గొంతు సన్నబడింది. "నిజం సెప్పు ప్రేమమ్మా. నువ్వు కూడా ఏయలేదా?"

వేశాను అనబోయి ప్రేమమ్మ ఆగింది. నిన్నటి పన్నెండు గంటలను గుర్తు చేసుకుంది. చేతిలో సిరంజీ. పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్లతో ఎత్తడం. సూది దిగడం. కానీ అది నిన్నటిదా, మొన్నటిదా? రోజూ ఒకే చేయి, ఒకే పొట్ట, ఒకే సూది. వందసార్లు చేసిన పని ఒకే జ్ఞాపకమై కూర్చుంది, దాంట్లోంచి నిన్నటి దాన్ని విడదీయడం చేతకావడం లేదు. నిన్న ఆమె మనసంతా గోనెపట్టా మీద ఉంది. ఎక్కించిందా? ఎక్కించకుండానే డబ్బాలో వేసిందా? పది రోజులుగా ఇదే ప్రశ్న ఎదుర్కొంటున్న కమాల్ బాషా ఎంతగా తడుముకుంటున్నాడో ఆమెకు ఆ క్షణాన తెలిసివచ్చింది.

ఎర్ర డబ్బా దగ్గరకు వెళ్లి మూత తీసింది. పైన నాలుగు సిరంజీలు, నాలుగూ ఖాళీవి. ఖాళీ సిరంజీ మందు ఎక్కడికి పోయిందో చెప్పదని ఆమెకు మూత వేసేటప్పుడు తట్టింది.

"ఏసినా" అంది. "ఏసినా గానీ, పట్టా మార్చినా."

"ఏం పట్టా?"

ప్రేమమ్మ చెప్పింది. నుంచునే చెప్పింది, కొంగు చివర వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ. పడమటి గోడ, కంచె మీద ఆరేయడం, ఇరవై నాలుగు రాయడం. ఆదివారాలు కమాల్ బాషా పట్టా వేయడు, వేయమని తను ఎప్పుడూ చెప్పలేదు, వేస్తున్నట్టు అతనికి తెలియనే తెలియదు. చివరికి కార్డుల కట్ట తెచ్చి బల్ల మీద రెండు కుప్పలుగా పెట్టింది. వంకరవి ఒక కుప్ప, సాపువి ఒక కుప్ప.

సుప్రియ బల్ల మీదికి వంగింది. సాపు కుప్పలోని కార్డులను ఒక్కొక్కటే తిప్పింది. వంకర కుప్పను ముట్టుకోలేదు. తర్వాత రెండు ఎలుకలనూ తీసుకుని లోపలికి వెళ్లింది.

అరగంట తర్వాత ప్రేమమ్మను పిలిచింది. రెండు గాజు గిన్నెల్లో మెదడు ముక్కలు రంగు మందులో తేలుతున్నాయి. బతికిన భాగం ఎర్రబడుతుంది, చచ్చిన భాగం పాలిపోయి ఉండిపోతుంది. ఎ గిన్నెలోని ముక్కలకు ఒక పక్క సగం తెల్లగా, ఉడికిన గుడ్డులా ఉంది. బి గిన్నెలో ఎరుపే. అంచున గోరంత తెలుపు.

"ఉత్త సెలైనది" అంది సుప్రియ. "ఉప్పు నీళ్లు."

"అంటే ఆ పట్టా..."

"అదేం కొత్త సంగతి కాదు ప్రేమమ్మా. చల్లదనం మెదడును కాపాడుతుందని, వేడి సంపుతుందని ఎప్పట్నుంచో పుస్తకాల్లో ఉండాది. నా థీసిస్ మొదటి చాప్టర్లో నేనే రాసినా." ఆమె నవ్వబోయింది గానీ పెదవులు సాగలేదు. "రెండో చాప్టర్లో ఏం రాసినానో తెలుసా? గది ఉష్ణోగ్రత ఇరవై నాలుగు. నీ రిజిస్టరు సూసే రాసినా."

కిటికీ బయట శనగ కోసేసిన నల్లరేగడి బీటలు వారి ఉంది. సుప్రియ అటు తిరిగి నిలబడింది.

"మా నాయన రెండేండ్ల నుంచి ఊర్లో అందరికీ సెప్తాండాడు, నా బిడ్డ పక్షవాతానికి మందు కనిపెట్టిందని." ఇటు తిరిగింది. "శుక్రవారం అయిపోనీ. అంతవరకూ ఎవురికీ సెప్పొద్దు."

"కమాలుకు కూడానా?"

సుప్రియ గిన్నెల మీద మూతలు పెట్టింది.

సాయంత్రం ప్రేమమ్మ ఇంటికి పోయే జమ్మలమడుగు బస్సు ఎక్కలేదు. ఎదురుగా వచ్చిన ప్రొద్దుటూరు బస్సు ఎక్కింది.

కమాల్ బాషా ఇల్లు బట్టల అంగళ్ల వెనక సందులో ఉంది. అతని భార్య ఖాతూన్‌బీ గడపలో కూర్చుని పట్టుచీర కొంగుకు కుచ్చులు కడుతోంది. ప్రేమమ్మను చూసి దారాన్ని పంటితో కొరికి, "రా ప్రేమమ్మక్కా. నువ్వన్నా వస్తివి" అంది. "కొంచెం సూడు మీ తమ్మున్ని. మాటల్లేవు. ఉత్త సెయ్యిని ఇట్ల పైకెత్తుతాడు, ఇట్ల దించుతాడు. పిల్లలు నవ్వుతాండారు, అబ్బాకు సూదుల పిచ్చి పట్టిందని."

కమాల్ బాషా మంచం మీదినుంచి లేచాడు. నలభై ఏళ్ల మనిషి పది రోజుల్లో చిక్కిపోయాడు. గడ్డం గీసుకోలేదు. నవ్వడానికి చూశాడు.

"ఏందక్కా, కుందేళ్లు ఎట్ల ఉండాయి? ఆ చెవి తెగిన్ది తింటాందా?"

"తింటాంది. కూర్చో కమాలూ, నీకొగ మాట సెప్పల్ల."

"నేనే సెప్పల్ల." అతను గొంతు తగ్గించాడు. "కాగితం రాసిచ్చినా సారుకు. సోమవారం వచ్చినాడు కార్లో. ఆదివారాలు సూది ఏయలేదని రాసిస్తే ఆ ఆరు ఎలకలను లెక్కలోంచి తీసేయొచ్చంట. నాకేం కాకుండా సూస్తా అన్నాడు. పులివెందులలో ఇదే మందు మేకల మీద సూస్తారంట గదా, ఆడ షెడ్డులో పని ఇప్పిస్తా అన్నాడు."

"ఏసింటివి గదా, ఏయలేదని ఎట్ల రాసిస్తివి?"

కమాల్ బాషా చేతులవైపు చూసుకున్నాడు.

"ఏసినానా అక్కా?" అన్నాడు.

అతను ఎగతాళి చేయడం లేదు. అడుగుతున్నాడు.

"మొదట్లో ఏసినా అనే అన్నా. అల్లా మీద ఒట్టు పెట్టినా. అయిదుగురు సార్లు కూర్చోని, ఏస్తే ఎట్ల సస్తాయి, ఏస్తే ఎట్ల సస్తాయి అని అడిగితే, నిజమే గదా అనిపిచ్చె. ఆదివారాలు ఫోన్లో క్రికెట్ సూస్తాంటి. ఒగసారి సూది లాగి పక్కన పెట్టి, స్కోరు సూసి వచ్చినట్టు గురుతు. వచ్చినాక ఏసినానో, ఏసినాననుకొని పారేసినానో. ఒగసారి అట్ల చేసింటే ఆరుసార్లూ అట్లే చేసింటా గదా. రెయ్యి పండుకుంటే ఆ ఎలక కండ్ల ముందరికొస్తాది. నేను సంపినా దాన్ని."

"నువ్వు సంపలేదు" అంది ప్రేమమ్మ. పట్టా సంగతంతా చెప్పింది. గడపలో ఖాతూన్‌బీ చేతులు ఆగిపోయాయి.

విన్నాక కమాల్ బాషా మంచం అంచున కూర్చున్నాడు. తిడతాడనుకుంది. తిడితే బాగుండునని కూడా అనుకుంది.

"అంటే... నేను ఏసినట్టేనా?" అన్నాడు చివరికి.

"ఏసినావు. సూది ఏసినా ఏయకపోయినా ఒగటేనంట. ఆ మందులో ఏమీ లేదు."

"అది కాదక్కా." అతను తల అడ్డంగా ఊపాడు. "మందు సంగతి సారోళ్లు సూసుకుంటారు. నేను ఏసినానా లేదా, అది సెప్పు."

ఆ ఆదివారాలు ఆమె అక్కడ లేదు.

ఖాతూన్‌బీ గడపలోంచే అంది, "అక్కా, నువ్వు సెప్పింది బాగానే ఉండాది. శుక్రవారం మాత్రం నోరు తెరవగాకు. నువ్వు తెరిస్తే పులివెందుల పోతాది. నీ పనీ పోతాది. ఎవురికి లాభం?" మళ్లీ కుచ్చు అందుకుంది. ముడి సరిగ్గా పడలేదు. విప్పి మళ్లీ కట్టింది.

శుక్రవారం పదింటికి నారాయణ సారు గదిలో ఏసీ బాగా పనిచేస్తోంది. సారు, ఆయన పక్కన పులివెందుల నుంచి వచ్చిన పశువుల డాక్టరు రాజశేఖర్, బల్ల చివర సుప్రియ. కమాల్ బాషా గోడ పక్కన నిలబడ్డాడు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. ప్రేమమ్మను సాక్షి సంతకానికి పిలిచారు.

నారాయణ సారు చెడ్డవాడు కాడు. ప్రేమమ్మ కూతురు నర్సింగు ఫీజు ఒకసారి ఆయనే కట్టాడు. కమాల్ బాషా రాసిచ్చిన కాగితాన్ని తీరిగ్గా, ఎవరినీ నొప్పించకుండా చదివాడు. "ఆదివారముల యందు నా నిర్లక్ష్యము వలన సూదులు వేయక..." చదవడం అయ్యాక కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మనిషన్నాక పొరపాటు చేస్తాడు. ఒప్పుకున్నాడు, అది గొప్ప. మనం దీన్ని ఇంతటితో వదిలేద్దాం. ఇక్కడ సంతకం పెట్టు ప్రేమమ్మా."

పెన్ను ఆమె చేతికొచ్చింది. సంతకం చేయాల్సిన చోట చిన్న ఇంటూ గుర్తు ఉంది. రెండు రోజులుగా ఆమె మాటలు కూర్చుకుంటోంది, పేర్చుకుంటోంది, అన్నీ ఇప్పుడు కుప్పగా కూలిపోయాయి. ఒక్క సంతకం. రోజుకు నాలుగు పెడుతుంది. ఇది అయిదోది.

"నేను ఏసినా సార్."

ఆమె తల ఎత్తింది. అన్నది కమాల్ బాషా.

"ఏంది?" అన్నాడు సారు.

"సూదులు ఏసినా సార్. ఆరు ఆదివారాలూ. రెండు పూటలా."

"మరి ఇదెవరు రాసినారు? నీ సంతకమే గదా?"

"సంతకం నాదే సార్. రాసింది అబద్ధం."

"పులివెందుల ఒద్దా నీకు?"

"ఒద్దులే సార్."

"సరే, ఏసినావు. మరి ఎలకలెందుకు పడిపోయినాయి? కారణం సెప్పు."

"నాకు తెలీదు సార్."

అతని చూపు ఎదురు గోడ మీద క్యాలెండరు దగ్గరే ఉంది. ఒక్క వెంట్రుకవాసి ఇటు జరిగినా ప్రేమమ్మ ముఖం మీద పడుతుంది. జరగలేదు. తెలిసి కూడా అతను చెప్పడం లేదు. తనను చూడకుండా ఉండటానికి అతను పడుతున్న కష్టం ఆమెకు అతని మెడ నరాల్లో కనిపించింది. అప్పుడు ఆమె పెన్ను కింద పెట్టింది.

"నాకు తెలుసు సార్" అంది.

పట్టా సంగతి సగం చెప్పేసరికి సారు నవ్వాడు. నవ్వడానికి ప్రయత్నించాడు. "గోనెపట్టానా? అయితే రేపట్నుంచి పక్షవాతమొచ్చినోళ్లందరికీ గోనెపట్టాలు కప్పుదామా ప్రేమమ్మా? నువ్వు కమాల్ బాషా మీద జాలితో మాట్లాడతాండావు. తప్పు లేదు."

రాజశేఖర్ డాక్టరు నవ్వలేదు. లావుపాటి మనిషి, మాట నెమ్మది. "పట్టా కింద ఎంత ఉంటుందమ్మా వేడి?" అని అడిగాడు.

"డిగ్రీలు తెలీదు సార్. సెయ్యి పెడితే నీళ్ల కుండ పక్కన పెట్టినట్టుంటాది. అవతల వరుస కుంపటి పక్కన పెట్టినట్టు."

"రిజిస్టరులో ఇరవై నాలుగుంది."

"అది నేను ఊరికే రాసినా సార్. రోజూ."

సారు ముఖం ఎర్రబడింది. "ఒక అటెండరు సెయ్యి పెట్టి సూసిందంట, దాని మీద రెండేళ్ల పని పారేద్దామా? కొలతలేవి? సుప్రియా, నువ్వు సెప్పమ్మా. ఇదంతా ఏంది?"

సుప్రియ బల్ల మీద గీతలు చూస్తోంది. ఆమె ఇక చెప్పదని ప్రేమమ్మ అనుకుంది. చెప్పకపోయినా తప్పు పట్టలేననుకుంది.

"కొలిచినా సార్" అంది సుప్రియ. "నిన్న. మూడుసార్లు. పట్టా కింద ఇరవై ఏడు. బి వరుస ముప్పై ఆరు."

"సుప్రియా!"

"మందుకు బలం ఉండొచ్చు సార్, లేకపోవచ్చు. మనకు తెలీదు. మనం సూసింది పట్టాను."

రాజశేఖర్ డాక్టరు తన ముందున్న ఫైలు మూసి తాడు కట్టాడు. "మా మేకల షెడ్డుకూ రేకులే నారాయణా" అన్నాడు మెల్లిగా. "ముందు థర్మామీటర్లు కొందాం. మేకలు ఎక్కడికీ పోవు."

మధ్యాహ్నానికల్లా అన్నీ తేలాయి. ఆదివారం లెక్కలు తీసేయకూడదు. మొత్తం పని మొదటినుంచి మళ్లీ చేయాలి. పులివెందుల వాయిదా. కమాల్ బాషా రేపటినుంచి పనిలోకి, ఎలుకల గదికి. ప్రేమమ్మకు మెమో, ఎలుకల గదినుంచి దాణా కొట్టుకు మార్పు.

వరండాలో సుప్రియ ఎదురుపడింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. ప్రేమమ్మ ఏదో అనబోయింది.

"రేపట్నుంచి ఆ గదిలోకి నువ్వు రావద్దు" అంది సుప్రియ. "నీ సెయ్యి పడితే మళ్లీ ఏదో ఒకటి చేస్తావు, ఎలక రొప్పితే సూడలేవు. అందుకు రావద్దంటాండా. కోపంతో కాదు." రెండడుగులు నడిచి ఆగింది. "కోపం కూడా ఉండాది."

శనివారం దాణా కొట్టులో ప్రేమమ్మ బస్తా విప్పి గుళికలను తూకం వేస్తోంది. దాణా పొడికి ముక్కు మండుతోంది. పన్నెండు కావస్తుండగా తలుపులో నీడ పడింది. కమాల్ బాషా. చేతులకు గ్లవుజులు, నుదుటి మీద చెమట.

"అక్కా, ఒగసారి రా."

"నన్ను లోపలికి రావద్దన్నారు గదప్పా."

"లోపలికొద్దు. తలుపు అద్దం కాడ నిలబడు, సాలు."

ఆమె చేతులు దులుపుకుని వెంట వెళ్లింది. ఎలుకల గది తలుపుకు జానెడు అద్దం ఉంది. అతను లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. సిరంజీలోకి మందు లాగి, వెలుతురుకు పట్టి, గాలిబుడగ పోగొట్టాడు. ఎలుకను ఎత్తాడు. సరిగ్గా అద్దానికి ఎదురుగా తిరిగి, ఆమెకు కనబడేలా దాని పొట్టను పైకి తిప్పి, సూది దించాడు. బొటనవేలితో మెల్లిగా, చివరి బొట్టు దాకా నొక్కాడు. ఖాళీ సిరంజీని అద్దం దగ్గరికి తెచ్చి చూపించాడు.

ప్రేమమ్మ తల ఊపింది.

అతను కార్డు దగ్గరకు వెళ్లి పెన్ను తీశాడు. సంతకం పెట్టలేదు. పెన్ను గాలిలో ఆగిపోయింది. వెనక్కి వచ్చి తలుపు బెత్తెడు తెరిచాడు.

"సూసినావా?"

"సూసినా."

"ఏసినా గదా?"

"ఏసినావు కమాలూ."

"నీకు బాగా కనబడిందా? నిండుగా?"

"నిండుగా కనబడింది. ఏసినావు."

అప్పుడు వెళ్లి సంతకం పెట్టాడు. పెట్టాక కూడా ఆ సంతకం వైపే కాసేపు చూస్తూ నిలబడ్డాడు. మళ్లీ తలుపు దగ్గరకు వచ్చినప్పుడు ఆమె ముఖంలోకి చూడలేదు.

"నాలుగింటికి ఇంగొగటి ఉండాది అక్కా" అన్నాడు.

ప్రేమమ్మ దాణా కొట్టుకు తిరిగి వెళ్లింది. బస్తా సగంలో ఉంది. తూకం వేయడం, పొట్లం కట్టడం, మళ్లీ తూకం వేయడం. గడియారం వైపు చూడకూడదనుకుంటూనే చూసింది. మూడున్నరకే ఆమె ఆ తలుపు దగ్గర నిలబడి ఉంది.